వరసలో మామయ్య పళ్లెం

మా మేనత్త రైస్ మిల్లులో బస్తాల మూతులు కుడుతుంది. ఎవరైనా ఎక్కువ వాగితే దబ్బనం చూపించి, "నీ మూతికి ఒక్క కుట్టు చాలు" అంటుంది. ఆ మిల్లు లారీ తోలే మామయ్య రెండేళ్ల కిందట లోడు వేసుకుని వెళ్లాడు. లారీ దొరికింది. మనిషి దొరకలేదు.

కోతలయ్యాక కొత్త బియ్యం ఇంటికొచ్చిన రోజున వాళ్లింట్లో పాలూ బెల్లం పోసి పరమాన్నం వండుతారు. పోయినవాళ్ల వాటా వెనక గుమ్మం బయట పెట్టి తలుపేస్తారు. బతికున్నవాళ్లు లోపల వరసగా కూర్చుని, తినడం అయ్యేదాకా తల పక్కకి తిప్పకుండా తింటారు. తర్వాత తలుపు తీస్తే, బయటి పళ్లెంలో పరమాన్నం మీద కట్టిన తొరక చెదిరి ఉంటుంది. పోయినవాళ్లు వచ్చి తిన్నారంటారు పెద్దలు. పిల్లి తిన్నదంటాను నేను.

మామయ్య పళ్లెం మాత్రం అత్త లోపలే, వరసలోనే పెడుతుంది. నిరుడు ఆ తొరక చెక్కుచెదరలేదు. పోయినవాడైతే వచ్చి తినేవాడేగా అని అత్త మొహం వెలిగిపోయింది.

ఈ ఏడు మామయ్య అన్నగారు, పెద్దాయన, వంటింటి గడపకి అడ్డంగా కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఈసారి వాడిది బయట పెట్టు."

"బతికున్న మనిషికి బయటెందుకు, బావగారూ?"

"పోయుంటే? బయట పెట్టకపోతే ఎక్కడ తింటాడమ్మా? రెండేళ్ల ఆకలి వాడిది."

"మీ తమ్ముడు ఆకలికి ఆగే రకమా? ఎక్కడో వంటమనిషిని కాల్చుకు తింటుంటాడు."

అత్త ఆయన్ని దాటుకుని వచ్చి పళ్లెం నాకూ తనకూ మధ్య పెట్టింది. తలుపులు, కిటికీలు మూసింది.

తలలు వంచుకుని ముగ్గురం తింటున్నాం. తడిసిన గోనెసంచి వాసన వేసింది. అత్త చీరదే అనుకున్నాను. అంతలో నా పక్కన పళ్ల కింద యాలక్కాయ నలిగిన చప్పుడు. పెద్దాయనకి పళ్లు లేవు. అత్త చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

పక్కకి తిరిగి చూశాం. మామయ్య పళ్లెంలో తొరక నడుమ నాలుగు వేళ్ల గుంట. అంచున నమిలి పెట్టిన యాలక్కాయ తొక్క. అలా అంచుకి పెట్టడం ఆయన అలవాటు. వంటకి వంక పెట్టినట్టుందని అత్త ఏటా తిట్టేది.

పెద్దాయన కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు.

అత్త లేచి పళ్లెంలో ఇంకో గరిటె వేసింది. వెనక తలుపు తీసి, వాళ్ల అత్తగారి వాటా పక్కనే పెట్టింది. తలుపేసి వచ్చి కూర్చుంది.

"ఒరేయ్, మధ్యలో ఆ ఖాళీ ఎందుకు? ఇటు జరుగు."

జరిగాను. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు అక్కడ నేల వెచ్చగా ఉంది.