గేటు దగ్గర నిలబడ్డాయన

ఆ బడిలో చరిత్ర చెప్పే ఆవిడకు పిల్లలు పెట్టిన పేరు ఆధారం టీచరు. ఎవడైనా "మా తాత పులిని చంపాడు టీచర్" అంటే చాలు, "ఆధారమేదిరా?" అని వెంటపడేది. పులి కాస్తా పిల్లి అయ్యేదాకా వదిలేది కాదు మహాతల్లి! ఊళ్లో పాత ఫొటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాక ఇక ఆవిడకు పట్టపగ్గాల్లేవు. ఎవరి ముత్తాతను వాళ్లచేతే వెతికించేది.

ఆవిడకూ ఒక తాతయ్య ఉన్నాడు లెండి. మిల్లు సమ్మె సంగతి వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ ఒకే మాట అనేది: "మా నాన్న గేటు దగ్గర నిలబడ్డాడే." ఆ ఒక్క మాట పట్టుకుని మన టీచరు ఏటా క్లాసులో తాతయ్యను సమ్మె వీరుణ్ణి చేసేది. దానికి మాత్రం ఆధారం ఎవరడిగారు!

ఆ రోజు సమ్మె నాటి మిల్లు గేటు ఫొటో తెర మీద పడింది. ముందు బెంచీ పిల్ల ఎగిరి గంతేసింది.

"టీచర్, మా ముత్తాత! ఊచలు పట్టుకుని బయట ఉన్నాడు చూడండి! మరి లోపల్నుంచి సమ్మెవాళ్ల మీద కర్ర ఎత్తినాయనెవరు?"

టీచరు ఫొటో పెద్దది చేసింది. కర్ర ఎత్తినాయనకు సగం తెగిన ఎడమ చెవి. ఇంట్లో హాల్లో వేలాడే తాతయ్య ఫొటోలోని చెవే.

వరండాలోకొచ్చి అమ్మకు ఫోను చేసింది. ఇది వింటే ఆ ముసలి ప్రాణం ఏమైపోతుందోనని ఒకటే దడ.

"అమ్మా... తాతయ్య గేటు లోపల ఉన్నాడమ్మా. కర్రతో."

"గేటు దగ్గరన్నాను. బయటని నేనెప్పుడన్నానే?"

"నీకు ముందే తెలుసా!"

"నువ్వు అంతలా మురిసిపోతుంటే చెప్పడానికి నోరు రాలేదే."

ఇన్నేళ్లూ పిల్లలకు నూరిపోసిందంతా అబద్ధమా! ఆ చెవి సంగతి క్లాసులో ఎవరికీ తెలియదు. ఫొటో తీసేస్తే సరి. లోపలికెళ్లి స్విచ్చు మీద చెయ్యి వేసింది కూడా. జవాబు కోసం ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది.

"ఆయన మా తాతయ్య" అంది టీచరు.

క్లాసంతా నోరెళ్లబెట్టింది. ఆ పిల్ల మాత్రం అలవాటు కొద్దీ అడిగేసింది.

"ఆధారం, టీచర్?"

"మా అమ్మ."