మధ్యలో చీకటి లేని దీపాలు

కరెంటు మా తాతని అడక్కుండా తీగలోకి దిగదు. ఒక సాయంత్రం సూర్యుడు కూడా దిగివచ్చి, "అయ్యా, నన్ను కాస్త మెల్లగా ఆర్పే ఏర్పాటేదైనా ఉందా" అని ఆయన్ని అడిగి వెళ్లాడు. చూసినవాళ్లెవరూ లేరు, కాని తాత కాదనలేదు కాబట్టి నిజమే.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ముప్పై నాలుగేళ్లు జనాన్ని పైకీ కిందికీ పంపించి, తాను మాత్రం మూడో అంతస్తులో రెండు గదుల్లో ఉండిపోయాడు. ఆ భవనానికి లిఫ్టు లేదు. ఏడాది చివరి సెలవులు వచ్చాయంటే బాల్కనీకి నాలుగు సీరియల్ లైట్ల దండలు కట్టి, ఒకదాని తర్వాత ఒకటి వెలిగేలా సొంతంగా బోర్డు తయారుచేసేవాడు. బజార్లో దొరుకుతుంది కదా అంటే ముక్కుమీదికి కోపం వచ్చేది. "కొన్న బోర్డుకి మన బాల్కనీ సంగతి ఏం తెలుసు?" అనేవాడు.

తయారీ ఇద్దరి పని. ఏ భాగం ఎక్కడ కూర్చోవాలో, దాని ఏ కాలికి ఏ గీత పోవాలో తాత పల్చటి ట్రేసింగ్ కాగితం మీద పెన్సిలుతో గీసేవాడు. అమ్మమ్మ ఆ గీతల్ని రాగిరేకు అతికించిన పలక మీదికి దింపి, గోళ్లరంగుతో దిద్దేది. ఆ పలకని మందునీళ్లలో వేస్తే రంగు లేనిచోట రాగి కరిగిపోయి, గీతలు మాత్రం మిగిలేవి. "గీత తెగకుండా గీయాలంటే కుట్టుపని చేసే చెయ్యి కావాలి" అని తాత ఒప్పుకునేవాడు. అమ్మమ్మ బట్టలు కుట్టేది. ఆయన ఆమెకిచ్చిన మెచ్చుకోలు మొత్తం ఆ ఒక్కమాటే, అదీ ఏడాదికొకసారి.

ఆ లైట్లలో అమ్మమ్మకి ఒకటే నచ్చేది కాదు. ఒక దండ ఆరి ఇంకోటి వెలిగేలోపు రెప్పపాటు చీకటి పడేది. "ఆ చీకటి లేకుండా చెయ్యవయ్యా, ప్రతిసారీ కరెంటు పోయిందేమోనని గుండె గుభేలుమంటోంది" అనేది.

"వచ్చే ఏడు చూద్దాంలే" అనేవాడు తాత.

పదకొండేళ్లు అలాగే గడిచాయి. ఈ ఏటి వానల్లో అమ్మమ్మ పోయింది.

అప్పటినుంచి నోరు విప్పని మనిషి, సెలవులకి పదిరోజుల ముందు పెన్సిలు చెక్కాడు. ప్రతి దండకీ కాస్త కరెంటు దాచిపెట్టే కెపాసిటర్ ఒకటి తగిలించి, పక్కది వెలిగాక గాని ఇది ఆరకుండా గీశాడు. సెలవుల మొదటి సాయంత్రానికి అది వెలిగి తీరాలన్నాడు. మా అమ్మ, అంటే ఆయన కూతురు, "నేను దిద్దిపెడతా నాన్నా" అంటే వేలు పెట్టనివ్వలేదు. కాగితం కింద కార్బన్ పెట్టి, రాగి మీద తనే ఒత్తి గీశాడు. గోళ్లరంగు పలక కంటే వేళ్లకే ఎక్కువ అంటింది. "ఎవరి పెళ్లికి తాతా ఈ ముస్తాబు?" అని మనవరాలు ఆటపట్టించినా తిట్టలేదు. ఆయన తిట్టకపోవడం చూసి ఇంట్లో అందరికీ భయం వేసింది.

సెలవుల మొదటిరోజు పదకొండింటికి ఆఖరి టంకం పెట్టి స్విచ్ నొక్కాడు. దండలు వెలగలేదు. దండల్ని వంతులవారీగా వెలిగించే పదహారు కాళ్ల ఐసీ చిప్పు మాత్రం సలసల కాగి, కాలిన వాసన కొట్టింది.

"దొంగసరుకు!" అన్నాడు తాత. "ముప్పై ఏళ్లకింద మొదటి బోర్డప్పుడూ ఇంతే. మూలదుకాణం వాడు పాడైన ఐసీ అంటగట్టాడు. మళ్లీ వాడి గడప తొక్కితే ఒట్టు."

అప్పటినుంచీ ఆయన ఐసీలు రెండేసి కొంటాడు. రెండోదాన్ని తీసి బోర్డులోకి దించబోయాడు. దుకాణాలన్నీ సెలవులకి మూసేశారు. అదీ కాలితే ఇక అంతే.

"ఆగు నాన్నా" అంటూ అమ్మ బోర్డు లాక్కుని కాగితం పక్కన పెట్టి చూసింది. "కాగితం తిరగేశావా?"

"తిరగెయ్యడమేంటి?"

"నువ్వు పైనుంచి చూసినట్టు గీస్తావు. రాగి ఉండేది కిందివైపు. తిరగెయ్యకపోతే ఎడమకాళ్ల గీతలు కుడికీ, కుడివి ఎడమకీ పోతాయి. బట్టకి లోపలివైపు గుర్తు పెట్టినట్టే. అమ్మ ఏటా తిరగేసేదిగా, నీకు తెలీదా?"

తాత ఐసీని మళ్లీ డబ్బాలో పెట్టేశాడు.

"మొదటి బోర్డు కాలినప్పుడే కనిపెట్టిందట" అంది అమ్మ.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మూడురోజులు భోజనం మానేసి గోడకేసి తిరిగి కూచుంటాడు, నాకెందుకొచ్చిన గొడవ అనేది."

నవ్వొచ్చే మాటే, కాని ఎవరూ నవ్వలేదు. తాత కాగితాన్ని తిరగేసి కిటికీ అద్దానికి ఆనించి, వెనకవైపు నుంచి కనిపించే గీతల్ని చాలాసేపు చూశాడు.

"మూలదుకాణం వాడు ఉన్నాడా?"

"పోయి ఆరేళ్లయింది నాన్నా."

"ఊఁ" అన్నాడు.

ఇంట్లో ఇంకొక్క రాగిపలక ముక్కే మిగిలింది. ఈసారి తాత కాగితం తిరగేసి పట్టుకున్నాడు, అమ్మ దిద్దింది. పొద్దు వాలే వేళకి నాలుగు దండలూ ఒకదాని వెలుగు ఇంకొకటి అందుకుంటూ తిరిగాయి. మధ్యలో చీకటి లేదు.

"పెద్దాయనా, ఈ ఏడు అదరగొట్టావు!" అని కిందనుంచి పక్కింటాయన అరిచాడు. తాత కుర్చీలో పావుగంట కూర్చుని, లేచి స్విచ్ ఆపేశాడు.

"ఉంచు నాన్నా, అందరూ చూస్తున్నారు."

"అందరూ అడగలేదుగా."

ఇదంతా రాసి, నాది తొమ్మిదో తరగతితో ఆగిన చదువు కదా, తప్పులుంటే చెప్పమని ఆ మనవరాలే, అంటే నేనే, ఆయనకి చదివి వినిపించాను. తాత చివరిదాకా విన్నాడు.

"తప్పుల్లేవే కోతీ. పదకొండేళ్లు అడిగించుకున్న మొద్దు మీద ఇంత కాగితం దండగ, అంతే."