సూది వేయించుకోనివాళ్ళ దవాఖానా ఖర్చు

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు మా అమ్మ పోయింది. టీకా తన వంతు వచ్చేలోపే పోయింది. ఆ తర్వాత టీకా ఊరూరికీ వచ్చినా వద్దని మొహం తిప్పుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఈ మాట ముందే చెప్పాలి. లేకపోతే నేనేదో జాలిపడి వాళ్ళ తరఫున మా ఆయనతో పోట్లాడాననుకుంటారు.

పెనుబల్లి దగ్గర మాకు మిర్చి నారు పెంచే నర్సరీ ఉంది. మా మామగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి మొదలుపెట్టారు. పనిచేసేవాళ్ళలో ఎవరికి జబ్బు చేసినా ఆటో కిరాయి దగ్గర్నుంచి ఆసుపత్రి బిల్లు దాకా నర్సరీయే చూసుకోవాలన్నది ఆయన పెట్టిన పద్ధతి. ఆ ఏడాది మా ఆయన దాన్ని మార్చారు. సూది వేయించుకోనివాళ్ళ దవాఖానా ఖర్చు ఇక వాళ్ళదే అని అందరిముందూ చెప్పేశారు.

అన్నం తినేటప్పుడు అడిగాను. "ఇదేం పద్ధతండీ?"

"ఊరికే వేస్తామంటే వద్దని, రేపు జబ్బు చేస్తే నన్ను కట్టమంటే ఎట్లా? ఆ సూది అందకే కదా అత్తయ్య పోయింది! నాకంటే నీకే ఎక్కువ కోపం రావాలి."

"కోపం ఉంది. కానీ జ్వరం వస్తే చెప్పడానికి భయపడతారు. అది మనకే చేటు."

"భయపడితేనే వేయించుకుంటారు," అని చెయ్యి కడుక్కున్నారు.

వానలు పడి నారు పీకే పని ఊపందుకుంది. ఆడవాళ్ళ ముఠాకు పెద్దగా ఉండే ఆమె అడవి అంచు గూడెం నుంచి వచ్చేది. నలభై ఏళ్ళుంటాయి. సూది వేయించుకోలేదు. ఆమె దగ్గుతుంటే ఏమైందని అడిగాను. దుమ్మమ్మా, అంది. రెండు రోజులు తిరక్కముందే నారు ట్రేల మధ్య కూలబడిపోయింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. కారు అద్దాలన్నీ దించి ఖమ్మం తీసుకుపోయాను.

"జ్వరమని ఎందుకు చెప్పలేదు?" అని దారిలో అడిగాను.

"చెప్తే దవాఖానా పైసలు నన్నే కట్టుమంటరు గద. పనికి రావద్దంటరు. కూలి గూడ పోతది."

"మరి సూది వేయించుకుంటే పోయేదిగా?"

ఆమె కాసేపు ఆయాసపడింది. "పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేసినప్పుడు కుట్లకు చీము పట్టిందమ్మా. పోయి చెప్తే శుభ్రంగ ఉండలేదని నన్నే కసిరిండ్రు. నెలల తరబడి మంచం దిగలే. అప్పటి సంది సూదంటే గుండె దడ. వేసుకోలేదని అందరు తిట్టిండ్రు గని, ఎందుకని ఒక్కరన్న అడిగిండ్రా?"

ఆమెకు ఆక్సిజన్ పెట్టారు. ఇంటికొచ్చేసరికి నారు పందిట్లో ఇంకో ఇద్దరికి జ్వరం తగిలిందని తెలిసింది. మా ఆయన వరండాలో దిగులుగా కూర్చుని ఉన్నారు.

"బిల్లు మనమే కడుతున్నాం. మీరు పెట్టిన ఆ పద్ధతి ఇక లేదు," అన్నాను.

"వేయించుకున్నవాళ్ళు అడిగితే ఏం చెప్తావు?"

"నేనే చెప్పుకుంటాను."

మర్నాడు అందరినీ ఆరుబయట దూరదూరంగా కూర్చోబెట్టి చెప్పాను. మొక్కలకు నీళ్ళు పెట్టే పెద్దాయన లేచాడు.

"అమ్మా, నేను ఏసుకున్న. సూదికి జ్వరమొచ్చి పండుకున్న. కూలి పోయింది. ఆమె ఏసుకోలే, ఆమెకేమో మీరు బిల్లు కడుతున్నరు. గిదేం న్యాయం?"

ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? అలాగని మంచంమీదున్న మనిషిని వదిలేస్తానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"నీకు న్యాయం జరగలేదు తాతా," అన్నాను. "సూదికి పోయిన రోజు, జ్వరంతో పడుకున్న రోజు కూలి ఇస్తాం. ఇదివరకే వేయించుకున్నవాళ్ళకూ ఇస్తాం. వేయించుకున్నందుకు నీకు నష్టం రాకూడదు. జబ్బు చేస్తే మాత్రం అందర్నీ ఒకేలా చూస్తాం."

ఆయన ఆలోచించాడు. "అవ్, గట్లయితే మంచిదే. గని ఏసుకోనోళ్ళు మూతికి గుడ్డ కట్టుకోని వేరే పందిట్ల పనిచెయ్యాలె. మాకు అంటియ్యొద్దు."

అది సబబే. వెంటనే ఒప్పుకున్నాను. మా ఆయన నావైపు చూడకుండానే బండి తీశారు. "సూది వేసే నర్సును ఇక్కడికే రమ్మని అడిగొస్తా," అన్నారు.

జ్వరం తగిలిన ఆ ఇద్దరితోపాటు ముఠా పెద్దామె కూడా కోలుకుంది. డాక్టరు ఆగమన్నన్నాళ్ళు ఆగి, నర్సు మళ్ళీ వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని వెళ్ళింది. ఆమె కుట్ల సంగతి నేనే ఎత్తాను. నర్సు సిరంజి పక్కనపెట్టి, ఎదురుగా కూర్చుని, ఆమె చెప్పిందంతా విన్నది. ఆ తర్వాతే చీర కొంగు పక్కకు జరిపి జబ్బ చూపించింది మా ముఠా పెద్ద. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుంది.

అందరూ మారలేదు. ట్రాక్టరు నడిపే అతను ఎంత చెప్పినా వినలేదు. నా ఒళ్ళు నా ఇష్టం, అనేవాడు. ఆ చలికాలంలో అతనికి మలేరియా వచ్చి వణుకుతూ వరండాలో కూలబడ్డాడు.

"ఇతనికి కూడానా?" అన్నారు మా ఆయన.

"ఇతనికి కూడా."

ఆయన ఏదో గొణుక్కుంటూనే అతన్ని లేపి, భుజం పట్టి కారు దాకా నడిపించారు.