చెంబుకు ధడ కట్టిన లెక్క

నిన్న పెరుగు దుకాణంలో నా స్టీలు గిన్నెను కాంటా మీద పెట్టగానే, అమ్మే పిల్ల ఏదో మీట నొక్కింది, గిన్నె బరువంతా మాయమై సున్నా వచ్చింది. పావుకిలో ఇరవై అంటే పద్దెనిమిది చేసుకొమ్మని అప్పటిదాకా ఆ పిల్లను పీడిస్తున్న నేను, బేరం మరిచిపోయి నవ్వుకుంటూ నిలబడ్డాను. ఆ సున్నా కోసం ఎనిమిదో తరగతిలో నేను పడ్డ తిప్పలు దానికేం తెలుసు?

మాది ఆదిలాబాద్‌లో కిరాణా దుకాణం. పత్తి బండ్లవాళ్లతో సగం తెలుగులో, సగం మరాఠీలో పోట్లాడుతూ పెరిగినదాన్ని, ఎవరేం చెప్పినా ఎంతో కొంత తగ్గించాలన్న బుద్ధి నాకు ఉగ్గుపాలతోనే పట్టింది. అదే నా కొంప ముంచింది. బడిలో ఉర్దూ చదువు పోయి తెలుగు చదువు వచ్చిన కొత్తలో, లెక్కల సారు బీజగణితం మొదలుపెట్టి, ఒక సంఖ్యకు మూడింతలు చేసి అయిదు కలిపితే ఇరవై అవుతుంది, ఆ సంఖ్య ఎంత అని అడిగి, దానికి ఎక్స్ అని పేరు పెట్టారు. నేను ఎడమ దిక్కున్న అయిదును అడ్డమని కొట్టేసి, కుడి దిక్కు ఇరవైని ముట్టుకోలేదు. మూడుతో భాగిస్తే ఇరవై సరిగా తెగదాయె! పోనీ అని రెండు తగ్గించి, పద్దెనిమిది చేసి, ఎక్స్ ఆరు అని దర్జాగా రాశాను. సారు మరాఠీ మనిషి. "కాయ్ గ పోరీ, ఏందే పిల్లా, ఇరవైని పద్దెనిమిదికి ఎవరిచ్చిండ్రు నీకు?" అనేసరికి తరగతంతా గొల్లుమంది.

నవ్వులతో పోయేది కాదది. లెక్కల్లో తప్పితే బడి బంద్ అని బాపు, అంటే మా నాన్న, ముందే చెప్పి ఉన్నాడు. అక్క బడి అట్లాగే అయిదో తరగతితో ఆగిపోయింది. "బాసరకు తీస్కపోయి పలక పట్టిచ్చిన, అమ్మవారు నీకు లెక్కలొక్కటే ఇయ్య మరిచినట్టుంది" అని బాపు ఎగతాళి చేస్తుంటే, నన్ను కన్న అవ్వ నా దిక్కు చూడకుండా బియ్యం ఏరుతూ కూర్చునేది.

పెద్ద పరీక్ష వారం ఉందనగా, ఒక సాయంత్రం సారే ఇత్తడి చెంబు పట్టుకొని పల్లినూనె కోసం వచ్చారు. బాపు లోపల బస్తాలు సర్దుతున్నాడు గనుక తరాజు నేనే పట్టాను. ఒక పళ్లెంలో ఖాళీ చెంబు పెట్టి, రెండు పళ్లేలూ సమంగా నిలిచేదాకా అవతల గులకరాళ్లు వేసి, అంటే ధడ కట్టి, ఆ తర్వాత తూకపు రాయి పెట్టి నూనె పోయబోతుంటే సారు ఆపారు.

"గా గులకరాళ్లెందుకే?"

"చెంబు బరువు పోవాలె గద సారు. లేకుంటే మీ చెంబు మీకే అమ్మినట్టయితది."

"చెంబుకు రెండు దిక్కులు చూస్తివి. బడిల అయిదును ఒక్క దిక్కే తీసేస్తివి. రెండో దిక్కు మీ తాత తీస్తడా?"

అయిదే చెంబు! అవతలి ఇరవైలో దాని ధడరాళ్లు అయిదున్నాయి, అవీ తీస్తే పదిహేను, మూడు సమపాళ్లు చేస్తే అయిదు. ఎవరూ ఎవరికీ తగ్గించే పనే లేదు. లోపలినుంచి అంతా వింటున్న బాపు, సారుకు జర కొసరు వెయ్యమని కేకేశాడు. "నూనెల ఎయ్యి, లెక్కల్ల మాత్రం ఎయ్యకు" అని సారు చెంబు అందుకున్నారు.

పరీక్షలో ప్రతి సమీకరణం ముందూ కూర్చుని, ఇందులో చెంబు ఏదీ అని వెతుక్కున్నాను. ఫలితాల నాడు జాబితాలో నా నంబరు బాపే చూసుకొని వచ్చి, తొమ్మిదో తరగతి పుస్తకాలు పాతవి ఎక్కడన్నా దొరుకుతాయేమో చూడాలని అవ్వతో అన్నాడు, అంతే. నా గుండె మీది బస్తా దిగింది. అవ్వ ఆ రోజు నా దిక్కు చూసింది.

ఇప్పటి కాంటాకు ఒక్కటే పళ్లెం. మీట నొక్కితే పనైపోతుంది, సుఖమే, కాదనను. కానీ ఇక్కడ తీసింది అక్కడా తీయాలని కళ్లముందు ఊగి చెప్పే ఆ రెండో పళ్లెం ఎటు పోయిందోనని మనసులో కొంచెం వెలితి పడ్డది. పెరుగు పిల్ల పాపం, పద్దెనిమిదే ఇయ్యమని చెయ్యి చాపింది. నేను ఇరవై చేతిలో పెట్టి వచ్చేశాను.