ముప్పై రోజుల గడువును నేను బేరమాడిన సంగతి

ఆ రోజు కోరుట్లలో మా నాన్న స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చుని, ఒకావిడతో పాలగిన్నె బేరం నడుపుతున్నాను. పుట్టింటికి కాన్పు కోసం వచ్చి పది రోజులే అయింది, ఏడో నెల. పొద్దుటి నుంచి కాళ్ల వాపు, తలనొప్పి. ఉన్నట్టుండి కళ్ల ముందు మెరుపులు మొదలయ్యాయి. అయినా బేరం తెగేదాకా లేవలేదు. గిన్నె అమ్ముడుపోయాక గోడ పట్టుకుని కూలబడ్డాను.

జగిత్యాల ఆసుపత్రిలో డాక్టరమ్మ బీపీ రెండుసార్లు చూసింది. "బీపీ మస్తుగ పెరిగింది, బేబీని ఈరోజే తీయాలె. ఆగితే ఇద్దరికీ కష్టం" అంది. మా ఆయన అప్పటికి మస్కట్‌లో ఉన్నాడు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి, నేత పని లేక వెళ్లినవాళ్లలో ఆయన ఒకడు. ఆపరేషన్ కాగితం మీద సంతకం మా నాన్న పెట్టాడు.

పాప ముప్పై వారాలకే పుట్టింది. బరువు పన్నెండు వందల యాభై గ్రాములు. ఎన్ఐసీయూలో అద్దాల పెట్టె, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. మా నాన్న జన్మంతా తూకం వేసిన మనిషి. అద్దంలోంచి చూసి, మన దుకాణంలో బిందె ఇంతకన్నా బరువుంటుంది అన్నాడు. తర్వాత బయటికి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఇరవై నాలుగో రోజు, గురువారం, డిశ్చార్జి చేశారు. సిస్టర్ ఒక చీటీ ఇచ్చి విడమరిచి చెప్పింది. నెలలు నిండని పిల్లలకు కంటి వెనక రెటీనా మీద రక్తనాళాలు పూర్తిగా పెరగవు. అవి అడ్డదిడ్డంగా పెరిగితే రెటీనా ఊడి చూపు పోతుంది. దీన్ని ఆర్ఓపీ అంటారు, పైకి ఏమీ కనిపించదు. కంటి డాక్టర్ బుధవారం మాత్రమే వస్తారు, ముప్పై రోజుల లోపు తప్పకుండా చూపించాలి.

అంతా విన్నాను. కానీ నేను దుకాణంలో పెరిగినదాన్ని. మా దగ్గర ఎవరు ఏ మాట చెప్పినా, తగ్గడానికి కొంత చోటు ఉంచుకునే చెబుతారు. ముప్పై అన్నారంటే నలభై దాకా నడుస్తుందని నాకు నేనే ఖాయం చేసుకున్నాను. మా ఆయన ఆ బుధవారం దాటాక వచ్చే ఆదివారం సెలవు మీద వస్తానన్నాడు. ఆయన వచ్చాక, ముగ్గురం కలిసి వెళ్లొచ్చనుకున్నాను. అమ్మ కూడా, "కండ్లు గంత మంచిగ తిప్పుతుంది, దీనికేం రోగం" అంది. బుధవారం ఇంట్లోనే ఉండిపోయాం.

ఆదివారం మా ఆయన రాలేదు. కంపెనీ పాస్‌పోర్టు ఇవ్వలేదట, ఇంకో వారం పడుతుందన్నాడు. మంగళవారం సిస్టర్ ఫోన్ చేసింది.

"అక్కా, పోయిన బుధవారం నీ పేరు పిలిస్తే ఎవ్వలు పలుకలే. రేపన్న అస్తవా?"

"మా ఆయన అచ్చే వారం అస్తడు సిస్టర్. గప్పటిదాక ఆగరాదా?"

"నేను ఆగుత అక్కా, నాదేం పోతది. బిడ్డ కన్ను ఆగుతదా?"

ఫోన్ పెట్టేసి, ఆసుపత్రి చీటీ వెతికి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు పాపకు కళ్లలో చుక్కలు వేసి, రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్పు పెట్టారు. అంత చిన్న గొంతులో అంత ఏడుపు ఉంటుందని అప్పుడే తెలిసింది. డాక్టర్ తలకు లైటు కట్టుకుని ఒక్కో కన్నూ చూశారు.

"ఎన్ని రోజుల బేబీ?"

"ముప్పై ఏడు సార్."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. "రెండు కళ్లలోనూ స్టేజ్ త్రీ, ప్లస్ ఉంది, అంటే జబ్బు ముదిరింది. రెండు రోజుల్లో లేజర్ పడాలి. పోయిన వారం వస్తే ఎట్ల ఉండేదో ఇప్పుడు లెక్క వద్దు. ఉన్నదాన్ని కాపాడుకుందాం" అన్నారు.

"రెండు రోజులెందుకు సార్, రేపే చేయుండ్రి" అన్నాను. ఇచ్చిన గడువుకన్నా తక్కువ నేనే అడిగింది జీవితంలో ఆ ఒక్కసారే.

మర్నాడు హైదరాబాద్‌లో లేజర్ చేశారు. రెండు వారాల తర్వాత పరీక్షలో ఎడమ కన్ను కుదుటపడింది, కుడి కన్ను మాట వినలేదు. కుడి కంటికి మళ్లీ లేజర్. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో మా ఆయన పాపను దగ్గరగా చూపించమన్నాడు. తర్వాత, "నేనచ్చినంక నన్ను సూస్తదా?" అని అడిగాడు. చూస్తుందని గట్టిగా చెప్పాను. ఏ ధైర్యంతో చెప్పానో నాకే తెలియదు. ఆ తర్వాత వారం వారం పరీక్షలు. ఒక్క బుధవారం కూడా తప్పలేదు. ఐదో పరీక్షలో డాక్టర్, "రెండు కళ్లూ సెటిల్ అయినయి" అన్నారు.

ఇప్పుడు పాపకు ఐదేళ్లు. కళ్లద్దాలు పెట్టుకుంటుంది, ఏడాదికి రెండుసార్లు రెటీనా పరీక్షకు వెళతాం. మా నాన్న దుకాణంలో కూర్చుని, వచ్చినవాళ్లకు గిన్నెకు సొట్ట ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తుంది. వ్యాపారానికి పనికిరాని చూపు, నాకు మాత్రం చాలు.

తోటి తల్లులకు ఒక్క మాట. మీ బిడ్డ నెలలు నిండకుండా పుడితే, పుట్టినరోజును ఒకటిగా లెక్కపెట్టి ముప్పయ్యో రోజును క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ లోపలే కంటి పరీక్ష చేయించండి. మరీ చిన్న పిల్లలకు ఇంకా ముందే రమ్మంటారు, అన్న రోజుకే వెళ్లండి. బిడ్డ కళ్లు తిప్పుతోందని నమ్మకండి. తండ్రి రావాలని ఆగకండి. ఆయన ఎప్పుడు వచ్చినా, వచ్చిన రోజు బిడ్డ ఆయన ముఖం చూడాలి.