మెట్లెక్కే ఆంటీ

యాప్రాల్‌లో మా పై ఫ్లాట్ ఆంటీ మోకాళ్లు పట్టుకుని నాలుగంతస్తులూ ఎక్కేవారు. పనివాళ్లు లిఫ్ట్ వాడకూడదని అసోసియేషన్ బోర్డు పెట్టినప్పటి నుంచి, తమ ఇంట్లో పనిచేసే ఆవిడతో కలిసే ఎక్కేవారు. ఇద్దరిదీ ఒకే చర్చి.

ఒక సోమవారం సెక్రటరీ ఆపాడు. "ఆ రూల్ మీకు గాదు ఆంటీ."

"నిన్న చర్చిల ప్రభువు బల్ల కాడ ఇద్దరం ఒక్క గిన్నెల తాగినం. ఇయ్యాల ఒక్క లిఫ్టుల ఎక్కొద్దా? గిదేం లెక్క బిడ్డా?"

లిఫ్ట్‌లో పాపను ఎత్తుకుని నిలబడ్డ నాకు సిగ్గేసింది. అద్దెకున్నవాళ్లం, ఖాళీ చేయమంటారేమోనని భయం. అయినా బయటికి వచ్చి వాళ్ల వెనకే ఎక్కాను.

ఆంటీ పోయి ఏడాదైంది. వాళ్లింట్లో పనిచేసినావిడ ఇప్పుడు మా ఇంట్లో పనిచేస్తోంది; ఇద్దరం మెట్లే ఎక్కుతాం.

"ఇంక ఎన్ని రోజులు ఎక్కుతరు మేడం?" మొన్న సెక్రటరీ నవ్వాడు.

"మీరు బోర్డు తీసేదాకా," అన్నాను. ఖాళీ చేయమంటారన్న భయం ఇంకా పోలేదు. మాట మాత్రం మార్చలేదు.