మంజులని ఇన్‌స్పిరేషన్ అనకండి

నిన్న పొద్దున పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటోలో ఉండగా ఫోన్ వచ్చింది. మంజుల తమ్ముడు శ్రీకాంత్.

"అక్కా, మంజక్క పోయిందక్కా."

ఎక్కడికి అని అడిగాను. నిజంగానే అడిగాను. ముందురోజు సాయంత్రమే డాక్టర్ కాస్త నయం అన్నారు, ఐసీయూ నుంచి వార్డుకి మారుస్తామన్నారు.

శ్రీకాంత్ ఏడ్చేశాడు. ఆటో అతను అద్దంలో నా మొహం చూసి బండి పక్కకి తీసి ఆపేశాడు.

అప్పటి నుంచీ ఏడుపు రావట్లేదు.
కోపం వస్తోంది.

వాట్సాప్ నిండా స్టేటస్‌లే. "ట్రూ ఫైటర్". "మా అందరికీ ఇన్‌స్పిరేషన్". "చిరునవ్వుతో వ్యాధిని జయించిన ధీర".

జయించలేదండీ. చనిపోయింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మంజులకి లూపస్. మన ఒళ్ళే మన మీద దాడి చేసే జబ్బు. ముందు కీళ్ళు, తర్వాత కిడ్నీలు. పూర్తిగా తగ్గదు, మందులు మింగుతూ మోయాల్సిందే. ఎండ తగలకూడదు. అమీర్‌పేటలో ఉద్యోగం చేస్తూ ఎండ తగలకుండా ఎలా బతకాలో మీరే చెప్పండి.

పైకి మాత్రం ఏమీ కనపడదు. మెట్రోలో సీట్లో కూర్చుంటే ఒకావిడ "చూస్తే మంచిగనే ఉన్నవ్ కదా, లే" అని లేపేసింది. మంజుల లేచి నిలబడింది. ఆ సంగతి నాకు నవ్వుతూ చెప్పింది.

నాకు నవ్వు రాలేదు.

మేమిద్దరం ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో రూమ్మేట్స్‌మి. నేను భీమవరం నుంచి, తను సిద్దిపేట నుంచి. సాఫ్ట్‌వేర్ కోర్సు అయ్యాక నేను ఆఫీసు ఉద్యోగంలో పడ్డాను. తను అమీర్‌పేటలోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పడం మొదలుపెట్టింది.

జబ్బు బయటపడ్డాక వాళ్ళమ్మా, శ్రీకాంత్ వచ్చి ఇక్కడే దానితో ఇల్లు తీసుకున్నారు. పొద్దున్నే మంచం దిగడమే దానికి పెద్ద పని. వేళ్ళు బిగుసుకుపోయి జడ కూడా వేసుకోలేకపోయేది.

అందుకని రోజూ లేవడానికి ఒక సాకు వెతుక్కునేది. సాకు అనే అనేది. దొరగ్గానే నాకు వాయిస్ మెసేజ్ పెట్టేది.

కొత్త బ్యాచ్‌లో అసలు నోరు విప్పని పిల్ల ఒకతి ఉంది, ఇవాళైనా డౌట్ అడుగుతుందేమో చూడాలి. సందు చివర సీతాఫలాల బండి వచ్చిందేమో చూడాలి. ఎదురింటి ఆంటీ కోడలితో మళ్ళీ మాట్లాడుతోందో లేదో కనుక్కోవాలి.

ఒకరోజు "టైలర్ నా బ్లౌజ్ ఖరాబ్ చేసిండే, పోయి లొల్లి పెట్టుకోవాలె" అంది. ఆ రోజు గొంతులో ఎంత హుషారో!

మీరంతా స్టేటస్‌లలో రాస్తున్న స్ఫూర్తి ఇదీ. టైలర్ మీద కోపంతో మంచం దిగింది నా ఫ్రెండ్.

ఇక ఆ ఇన్‌స్టిట్యూట్ సంగతి.

మంజుల క్లాసు మూడో అంతస్తులో. లిఫ్ట్ ఎప్పుడు చూసినా రిపేరే. కింద రూమ్ ఇవ్వమని ఎన్నోసార్లు అడిగింది. అది డెమో క్లాసులకి కావాలన్నారు. రైలింగ్ పట్టుకుని ఎక్కేది. మలుపు మలుపుకీ ఆగి, స్టూడెంట్స్ చూస్తే బాగుండదని ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించేది.

పోయినేడు వాళ్ళ యాన్యువల్ ఫంక్షన్‌లో దానికి "స్ఫూర్తి అవార్డు" ఇచ్చారు. నేను ముందు వరసలోనే ఉన్నాను. మేనేజర్ మైకు పట్టుకుని పట్టుదల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. పక్కనే ఇది శాలువా కప్పుకుని నిలబడే ఉంది. ఒక్కరికీ కుర్చీ వెయ్యాలని తోచలేదు.

చివరికి మైకు దీని చేతికిచ్చారు.

"నేను మీకు అంత ఇన్‌స్పిరేషన్ అయితే, నాకు కింద ఫ్లోర్ల ఒక రూమ్ ఇయ్యండి సార్. మెట్లెక్కుడు నాతోని అయితలేదు."

మేనేజర్ పెద్దగా నవ్వి, మేడం సెన్స్ ఆఫ్ హ్యూమర్ చూశారా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆన్‌లైన్‌లో పెట్టిన వీడియోలో ఆ మాట కట్ చేసేశారు.

సోమవారం మళ్ళీ మూడో అంతస్తే.

ఈమధ్య కిడ్నీలు బాగా దెబ్బతిన్నాక కొన్నాళ్ళు ఆన్‌లైన్‌లో చెప్తానంది. రెస్ట్ తీసుకోండి మేడం అని ప్రేమగా చెప్పి, దాని బ్యాచ్‌లు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఆ తర్వాత వాయిస్ మెసేజ్‌లు తగ్గిపోయాయి. ఆ తర్వాత జ్వరం, ఇన్ఫెక్షన్, ఐసీయూ.

మెట్ల వల్లే పోయిందని నేను అనను. లూపస్ వల్లే పోయింది. కానీ దాని క్లాసుని దాని దగ్గర్నుంచి లాక్కున్నది లూపస్ కాదు.

నిన్న సాయంత్రం పంజాగుట్ట శ్మశానం దగ్గరికి ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఫ్లెక్సీతో వచ్చారు. శాలువాలో మంజుల ఫొటో, "మా స్ఫూర్తి ప్రదాత" అని పెద్ద అక్షరాలు, కింద ఇన్‌స్టిట్యూట్ పేరూ అడ్మిషన్ల ఫోన్ నంబరూ.

గేటుకి కడుతుంటే నేను వెళ్ళి అరిచాను. గౌరవంగానే చేస్తున్నం కదా మేడం అన్నాడు మేనేజర్.

అప్పుడు మంజుల వాళ్ళ అమ్మ వచ్చింది. గొంతు పెంచి మాట్లాడటం ఎరగని మనిషి. ఫొటోలో కూతురి చెంప మీద చెయ్యి పెట్టింది. తర్వాత మేనేజర్ వైపు తిరిగింది.

"మెట్లెక్కలేక నా బిడ్డ ఇంటికొచ్చి ఏడ్సేది సార్. మీరు అడిగింది ఇయ్యలే. గిది మాకొద్దు, తీస్కపోండ్రి."

వాళ్ళే విప్పుకుని, చుట్టుకుని వెళ్ళిపోయారు.

అది ఏడ్చేదని నాకు నిన్నే తెలిసింది. ఇన్నేళ్ళూ నాకు నవ్వు ఒక్కటే వినిపించింది.

మీ ఇంట్లోనో, ఆఫీసులోనో ఇలాంటి మనిషి ఉంటే దయచేసి దండం పెట్టకండి. ఏం కావాలో అడగండి. అడిగింది ఇవ్వండి.

మంజూ, వెళ్ళిరా. ఒంట్లో ఏ నొప్పీ లేకుండా హాయిగా ఉండవే.

శాంతి అంతా నువ్వు తీసుకో. కోపం నా దగ్గర ఉంటుంది.